మత్తడి అంటే తెలియక రాసిన సమీక్ష

పాతికేళ్ళకు పైగా పుస్తక సమీక్షలు రాస్తున్నాను. అచ్చయినవాటిని కత్తిరించి అతికించిన నోటు పుస్తకాలు తొమ్మిది అయ్యాయి. మూడో నోటు పుస్తకంలో 2003 నాటి కత్తిరింపు ఒకటి ఉంది. కరీంనగర్ వైపు రచయిత ఒకాయన రాసిన నవల మీద నాలుగు వందల మాటల సమీక్ష. దాని చివరి వాక్యం ఇలా ఉంటుంది: “ఇంత కథ నడిపించి, ముగింపు లేకుండానే రచయిత నవలను వదిలేశారు.”

నవలకు ముగింపు ఉంది. చివరి పేజీలో, చివరి వాక్యంలోనే ఉంది. ఆ వాక్యం నేను చదివాను కూడా. అందులో ఒక మాటకు అర్థం నాకు తెలియదు. ఏదో ఊరి పక్క చోటు పేరు కాబోలు అనుకుని దాటేశాను. ఆ మాట “మత్తడి”.

తెలంగాణ పాఠకులకు ఈ మాట గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెప్తాను. చెరువు నిండాక మిగులు నీళ్ళు పొర్లిపోవడానికి కట్టకు ఒక పక్కన రాతితో కట్టిన చోటు మత్తడి. కోస్తాలో అలుగు అనీ కలుజు అనీ అంటారు. రాయలసీమలో మరవ అంటారు. చెరువు నిండి నీళ్ళు దాని మీదుగా దూకితే “మత్తడి దుంకింది” అంటారు. అంటే ఆ ఏడు ఊళ్ళో పొలాలు పండుతాయి, బావుల్లో ఊట ఉంటుంది, పశువులకు నీళ్ళుంటాయి. ఇదంతా నాకు ఏడేళ్ళ తర్వాత తెలిసింది.

మాది తెనాలి దగ్గర పల్లె. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టిన దగ్గర్నుంచీ మా డెల్టాకు నీళ్ళు కాలవల్లో వస్తాయి. లాకులు ఎప్పుడెత్తుతారా అని మాట్లాడుకోవడం విన్నాను గాని, చెరువు నిండిందా లేదా అని ఊరంతా కలిసి ఎదురుచూడటం నా చిన్నతనంలో లేదు. మా నాన్న బాగా చదివేవాడు. కొడవటిగంటి కుటుంబరావు 1909లో పుట్టింది తెనాలిలోనే అని ఎవరొచ్చినా చెప్పేవాడు. ఆయన వెంట గ్రంథాలయానికి వెళ్ళి వెళ్ళి నాకూ చదువు పిచ్చి పట్టుకుంది. నేను చదివిన నవలల్లో మనుషులు దాదాపుగా మా ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడేవాళ్ళు. అందుకని తెలుగంటే అదే అనుకున్నాను. ఎవరూ నాకు అలా నేర్పలేదు. అలా కాదని చెప్పిన వాళ్ళూ లేరు.

ఉద్యోగం వచ్చి హైదరాబాదు చేరాక ఆదివారం ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకోవడం అలవాటైంది. 1998లో ఒక వారపత్రికకు చదివిన పుస్తకం గురించి పెద్ద ఉత్తరం రాస్తే, అక్కడి సబ్ ఎడిటర్ గారు ఆఫీసుకు రమ్మన్నారు. ఒక బీరువా తీసి చూపించారు. సమీక్షకు రెండు ప్రతులు పంపాలని పత్రికలు వేస్తాయి కదా, అలా వచ్చినవి అన్నీ అందులో ఉన్నాయి. ఒక ప్రతి ఆఫీసుకు, ఒకటి సమీక్షకులకు. సమీక్షకు నోచుకోనివి “స్వీకారం” అని చిన్న అక్షరాలతో పేరు, వెల, చిరునామా వేసి ఊరుకుంటారు. ఆ బీరువా ముందు నిలబడ్డప్పుడు నాకు కలిగిన భావం ఇప్పటికీ గుర్తుంది. చాలావాటి వెనక అట్ట మీద రచయిత ఇంటి చిరునామాయే ప్రచురణకర్త చిరునామా. అంటే సొంత డబ్బు పెట్టి వేసుకున్నవి. ఐదు వందల కాపీలో వెయ్యి కాపీలో వేసి, ఇంట్లో మంచం కింద పేర్చుకుని, పత్రికలో నాలుగు మాటలు వస్తాయేమోనని రెండు కాపీలు పోస్టులో పంపి ఎదురుచూసే మనుషులు. ఆ రోజు నాలుగు పుస్తకాలు సంచిలో వేసుకుని వచ్చాను. మొదటి సమీక్షకు మనియార్డరు నూట యాభై రూపాయలు వచ్చింది.

ఆ రోజుల్లో నన్ను బాగా పట్టేసిన విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి. రా.రా. అని అందరూ అంటారు. కడప జిల్లా మనిషి, “సంవేదన” పత్రిక నడిపారు, మాస్కోలో ప్రగతి ప్రచురణాలయంలో అనువాదకుడిగా పనిచేశారు, 1988లో “అనువాద సమస్యలు” పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన “సారస్వత వివేచన” చదివాక నాకు రాత్రులు నిద్ర పట్టలేదు. ఎంత పెద్ద పేరునైనా ఎదురుగా నిలబెట్టి, నువ్విక్కడ తప్పావు అని చెప్పగల ధైర్యం ఆయనది. నాకూ అలా రాయాలని కోరిక. రాశాను కూడా. ఆయన కోపాన్ని నేర్చుకున్నాను గాని, ఆ కోపం వెనక ఎంత చదువు ఉందో, ఒక వాక్యాన్ని ఎంతసేపు పట్టుకుని చూసేవారో అది నేర్చుకోలేదు. పేరు తెలియని రచయితల మీద కఠినంగా రాయడం తేలిక. వాళ్ళు తిరిగి ఏమీ అనలేరు. ఇది నేను చేసిన పనే కాబట్టి నిజమని చెప్పగలను.

ఆ నవల నా చేతికి వచ్చింది 2003 మార్చిలో. ఆఫీసులో సంవత్సరాంతపు లెక్కల టెన్షన్. పత్రికవాళ్ళు శుక్రవారానికల్లా కావాలన్నారు. రెండు వందల నలభై పేజీలు మూడు రాత్రుల్లో చదివాను. చేతిలో పెన్సిల్. తప్పు అనిపించిన ప్రతి మాటకూ సున్నా చుట్టుకుంటూ పోయాను.

ఆ ప్రతి నా దగ్గరే ఉంది. ఇప్పుడు తీసి చూస్తే, పన్నెండో పేజీలో “దూప” చుట్టూ సున్నా. ధూపం అన్న మాటకు అచ్చుతప్పు అనుకున్నాను. పిల్లవాడు “దూపయితుంది” అంటే దాహం వేస్తోందని. ఇరవయ్యో పేజీలో “మొగులు”. మొగ్గలు అని ఉండాలని పక్కన రాసుకున్నాను. మొగులు అంటే మబ్బు. “తొవ్వ” దగ్గర “త్రోవ?” అని రాశాను. “బుగులు” దగ్గర “దిగులు” అని దిద్దాను. ఈ చివరిదాన్ని చూస్తే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. బుగులు అంటే లోపల్నుంచి కమ్ముకొచ్చే భయం. ఆ చోట ఒక ఆడమనిషి దుబాయి నుంచి మూడు నెలలుగా ఫోన్ రాని మొగుడి కోసం చూస్తూ ఉంటుంది. ఆమెకు ఉన్నది దిగులు కాదు. రచయిత సరిగ్గా ఆ మాటే వేశాడు. నేను దాన్ని కొట్టేసి నా మాట పెట్టాను.

సమీక్షలో “అచ్చుతప్పులు విపరీతంగా ఉన్నాయి, భాష మీద శ్రద్ధ పెట్టాల్సింది” అని ఒక వాక్యం రాశాను. ముగింపు లేదన్న వాక్యం సరే సరి. అచ్చయ్యాక ఇద్దరు ముగ్గురు మిత్రులు ఫోన్ చేసి, మొహమాటం లేకుండా రాశావని మెచ్చుకున్నారు. సంతోషించాను.

పది రోజులకు పత్రిక ఆఫీసు నుంచి నాకొక పోస్టుకార్డు వచ్చింది. రచయిత రాసింది. చక్కటి గుండ్రటి అక్షరాలు. “అమ్మా, మీ సమీక్ష చదివిన. అచ్చుతప్పులు ఐదో ఆరో ఉన్నవి, నిజమే. అవి మీరు చెప్పినవి కావు. వానకాలంల వీలైతే మా ఊరికి రాండ్రి.” అంతే. నేను దానికి జవాబు రాయలేదు. కోపంలో ఉన్న రచయితలు రాసే ఉత్తరాలు అప్పటికి చాలా చూశాను. ఇదీ అలాంటిదే అనుకుని నోటు పుస్తకంలో పెట్టేశాను.

2010 ఆగస్టులో ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి తమ్ముడి పెళ్ళి కుదిరి, వాళ్ళ ఊళ్ళో చిన్న ఫంక్షన్ ఉంటే వెళ్ళాను. వరంగల్ దాటి ములుగు వైపు. రామప్ప, లక్నవరం, పాఖాల లాంటి కాకతీయుల నాటి పెద్ద చెరువులున్న ప్రాంతం. వాళ్ళ ఊరిది అంత పెద్దది కాదు, ఊరి చెరువు. వెళ్ళిన రోజు నుంచీ ముసురు. రెండో రాత్రి భోజనాలై పడుకున్నాం. పదకొండింటికి బయట అరుపులు. నేను భయపడి లేచాను. ఆ అమ్మాయి వాళ్ళమ్మ అప్పటికే కొంగు నెత్తిన వేసుకుని వాకిట్లో ఉంది. “బిడ్డా, మత్తడి దుంకిందట! జర చెప్పులేసుకో, పోదాం” అంది.

ఆ మాట చెవిన పడగానే ఎక్కడో విన్నట్టు అనిపించింది. ఎక్కడో గుర్తు రాలేదు.

టార్చిలైట్లు, సెల్‌ఫోన్ వెలుగులు పట్టుకుని ఊరు ఊరంతా కట్ట మీదికి నడిచింది. ముసలివాళ్ళను చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నారు. పిల్లల్ని భుజాల మీద కూర్చోబెట్టుకున్నారు. ముందు చప్పుడు వినిపించింది. నీళ్ళ చప్పుడే గాని, కాలవలో పారే చప్పుడులా లేదు. దగ్గరికి వెళ్ళేసరికి, రాతి కట్టడం మీదుగా మూరెడు ఎత్తున నీళ్ళు దూకుతున్నాయి. ఆడవాళ్ళు పసుపు కుంకుమలు చల్లారు. ఒకామె కొబ్బరికాయ కొట్టింది. నాలుగేళ్ళ తర్వాత దుంకిందట. ఆ అమ్మాయి వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని, ఏమీ మాట్లాడకుండా చాలాసేపు నిలబడింది. ఆమె చెయ్యి వణుకుతోంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, నవల చివరి వాక్యం. కోడలు అర్ధరాత్రి లేచి కూర్చుని, మత్తడి చప్పుడు వింటుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎప్పుడు ఇంటికి పోతానా, ఎప్పుడు ఆ పుస్తకం తీస్తానా అని ఒకటే ఆత్రం.

ఈసారి పెన్సిల్ పట్టుకోలేదు. రోజుకు పది పన్నెండు పేజీలు, గొంతెత్తి చదివాను. మొత్తం ఇరవై రెండు రోజులు పట్టింది. కథలో పెద్దాయన ఆ ఊరి నీరటి. తూము తీసి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూసే మనిషి. తరతరాలుగా ఆ ఇంటివాళ్ళదే ఆ పని. ఊళ్ళో బోర్లు పడ్డాక చెరువును చూసే దిక్కు లేదు, పూడిక పేరుకుంది, నీరటితో ఎవరికీ అవసరం లేదు. కొడుకు దుబాయి వెళ్ళిపోయాడు. కోడలు కైకిలికి, అంటే కూలికి, పోయి ఇల్లు నడుపుతోంది. పదకొండేళ్ళుగా మత్తడి దుంకలేదు. ముసలాయన ప్రతి వానాకాలం “ఈ ఏడు దుంకుతది” అంటాడు. మొదటిసారి చదివినప్పుడు, ఆయన చాదస్తంతో అర్థంలేని మాట తిప్పి తిప్పి అంటున్నాడని అనుకున్నాను. సమీక్షలో “పునరుక్తి దోషం” అని రాశాను కూడా. ఆ మాట నవల మొత్తంలో పదకొండు సార్లు వస్తుంది. ఏడాదికి ఒకసారి. రెండోసారి చదివేటప్పుడు లెక్కపెట్టాను.

మొదటి అధ్యాయంలో ఆయన పసివాడు. వాళ్ళ తాత చంకనేసుకుని మత్తడి రాయి మీద నిలబెట్టి, నీళ్ళు పాదాల మీంచి పోతుంటే పట్టుకుంటాడు. చివరి పేజీలో కోడలు చప్పుడు వింటుంది. పక్క గదిలో ముసలాయన నిద్రలో ఉన్నాడా, ప్రాణం పోయిందా రచయిత చెప్పలేదు. ఆమె మామను లేపడానికి లేస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. ఆ చోట రెండోసారి చదువుతూ పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ముగింపు లేదని ఎలా రాయగలిగాను?

ఆ రోజుల్లోనే ఒక లెక్చరర్ మిత్రురాలు నాకు “మాండలిక వృత్తి పదకోశం” ఇచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసింది. మొదటి సంపుటం 1962లో వ్యవసాయం మీద, రెండోది 1971లో చేనేత మీద. రైతుల దగ్గరికి, నేతగాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఒక్కో పనిముట్టును, ఒక్కో పనిని ఏ ప్రాంతంలో ఏమంటారో అడిగి రాసుకుని చేసిన పుస్తకం. తెలుగును నాలుగు మాండలికాలుగా విడదీసి చూపించింది ఆ పని నుంచే. ఆ పుస్తకం నేను పుట్టకముందే ఉంది. సమీక్షలు రాసే మనిషిని అయ్యుండి, ఒక్కసారి కూడా తెరవలేదు. దానిలో మాటలు చదువుతూ ఉంటే, నేను ప్రామాణికం అనుకున్న భాష నాలుగింట్లో ఒకటని, కృష్ణా గోదావరి గుంటూరు జిల్లాల చదువుకున్న ఇళ్ళ మాట పత్రికల్లోకి ఎక్కి అందరిదీ అయిందని స్పష్టంగా కనిపించింది. వ్యావహారికం కోసం అంత పోరాడిన గిడుగు రామమూర్తి గారిది శ్రీకాకుళం వైపు. ఆయన కోరుకున్న తలుపు తెరుచుకున్నాక అందులోంచి లోపలికి వచ్చింది ముఖ్యంగా మా జిల్లాల తెలుగు.

ఇంకొకటి కూడా అప్పుడే అర్థమైంది. తెలంగాణలో కవులు లేరన్న మాటకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో “గోలకొండ కవుల సంచిక” తెచ్చారు. 354 మంది కవులు అందులో ఉన్నారు. ఈ సంగతి పరీక్షకు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నదాన్నే. అది ఎప్పుడో జరిగిపోయిన గొడవ అనుకున్నాను. దిగులు అని దిద్దిన నా పెన్సిల్ గుర్తు చూసుకున్నాక, ఆ గొడవ నా టేబుల్ మీదికే వచ్చి ఉందని తెలిసింది.

మళ్ళీ రాయాలనుకున్నాను. పత్రికలో అప్పటికి ఎడిటర్ మారారు. ఏడేళ్ళ కిందటి నవల ఎవరికి గుర్తుంటుంది, కొత్తవే గుట్టలుగా ఉన్నాయి అన్నారు. ఆయన చెప్పింది కూడా కాదనలేను. చివరికి ఒక చిన్న సాహిత్య మాసపత్రికవాళ్ళు వేశారు. ఈసారి రెండు వేల మాటలు. పాత సమీక్షలో ఏ వాక్యం ఎందుకు తప్పో ఒక్కొక్కటే రాశాను. క్షమించమని అడగడం కన్నా, నవల ఏం చేసిందో వివరంగా చెప్పడం ముఖ్యమనిపించింది. పాఠకుడికి నా బాధతో పని లేదు, ఆ పుస్తకంతో పని.

అచ్చయిన పేజీలు రచయితకు పంపాను. ఈసారి కార్డు కాదు, కవరు వచ్చింది. మూడు పేజీల ఉత్తరం. సంతోషమైందని ఒక్క వాక్యం, మిగతా అంతా నా వ్యాసంలో ఇంకా మిగిలిన తప్పులు. అందులో ముఖ్యమైంది “శిఖం”. శిఖరంలా వినిపించేసరికి కట్ట పైభాగం అనుకుని, “ముసలాయన శిఖం మీద నిలబడి ఊరిని చూసే దృశ్యం” అని రాశాను. శిఖం అంటే చెరువు లోపలి నేల. నీళ్ళు తగ్గాక బయటపడేది. ఆ నేలనే మోతుబరులు ఆక్రమించుకుంటారు. ముసలాయన అక్కడ నిలబడటం అంటే, నీళ్ళుండాల్సిన చోట నీళ్ళు లేక నిలబడటం. ఆయన పైన లేడు, చెరువు అడుగున ఉన్నాడు. “మీరు ఆయన్ను ఎత్తు మీద నిలబెట్టిన్రు, మంచిదే గని నేను అట్ల రాయలే” అని రాశారు ఆయన. ఆ ఉత్తరం నాకు వచ్చిన ఏ మెచ్చుకోలు కన్నా ఎక్కువ.

తర్వాత నా పని తీరు మారింది. మొదటిసారి చదివేటప్పుడు పెన్సిల్ ముట్టను. ముప్పై పేజీలైనా పైకి చదువుతాను, ఇంట్లోవాళ్ళకు ఇప్పుడు అలవాటైపోయింది. తెలియని మాటలు వేరే చిన్న పుస్తకంలో రాసుకుంటాను. సందర్భాన్ని బట్టి అర్థమైపోయిందనిపించినవి కూడా రాసుకుంటాను, ఎందుకంటే నన్ను ఎక్కువగా మోసం చేసింది అలాంటివే. తర్వాత ఆ ప్రాంతం మనిషికి ఫోన్. ఇన్నేళ్ళలో ఇలా ఫోన్ చేయగలిగినవాళ్ళు చాలామందే అయ్యారు. టీచర్లు, పోస్టుమాస్టర్లు, ఒక బస్ కండక్టర్, సిరిసిల్లలో మగ్గం నేసే ఆయన. పుస్తకంలో ఉన్న వాక్యం మొత్తం చదివి వినిపించి, ఇక్కడ ఈ మాట ఏం చెప్తోంది అని అడుగుతాను. వాళ్ళు అర్థం ఒక్కటే చెప్పి ఊరుకోరు. ఎవరు ఎవరితో ఆ మాట అంటారో, ఎవరితో అనరో కూడా చెప్తారు. నిఘంటువులో అది దొరకదు.

రాయడం దగ్గరికి వస్తే, నేను వదిలేసిన మాటల జాబితా ఒకటి గోడకు అంటించుకున్నాను. “ఆద్యంతం చదివిస్తుంది”, “కళ్ళకు కట్టినట్టు చెప్పారు”, “శైలి సాఫీగా సాగింది”, “ప్రతి ఒక్కరూ చదవాల్సిన పుస్తకం”, “ఈ కలం నుంచి మరిన్ని రచనలు రావాలి”. ఇవి ఏ పుస్తకానికైనా అతుకుతాయి, పుస్తకం చదవకపోయినా అతుకుతాయి. వాటిని పక్కన పెట్టేసరికి మొదట్లో నాకు రాయడానికి ఏమీ మిగల్లేదు. తర్వాత పుస్తకంలోని ఒక వాక్యం ఎత్తి రాసి, అది అక్కడ ఏం పని చేస్తోందో చెప్పడం నేర్చుకున్నాను. వాక్యం ఎత్తి రాశాక పేజీ నంబరుతో సరిచూసుకోవడం తప్పనిసరి. జ్ఞాపకం మీద ఆధారపడి రాస్తే మాట మారిపోతుంది. ఇంకొక చిన్న సంగతి: పేజీలో చోటు చాలకపోతే సమీక్షను కింది నుంచి కత్తిరిస్తారు. అందుకని చెప్పాల్సిన ముఖ్యమైన మాటను ఎప్పుడూ చివరికి దాచుకోను, మధ్యలోనే చెప్పేస్తాను.

ఆవిష్కరణ సభలకు పిలుస్తారు. పుస్తకం ముందు రోజు సాయంత్రం ఇంటికి పంపి, రేపు పది నిమిషాలు మాట్లాడమంటారు. మొదట్లో ఒప్పుకున్నాను. అట్ట చూసి, ముందుమాటలు చదివి, శాలువా కప్పించుకుని వచ్చాను. ఇప్పుడు పదిహేను రోజుల ముందు పుస్తకం అందకపోతే రానని చెప్తాను. కొందరికి కోపం వచ్చింది, పిలవడం మానేశారు. ముందుమాటలూ అంతే. మన కవితా సంపుటాలకు ఒక్కోసారి మూడు నాలుగు ముందుమాటలుంటాయి. చలం గారు మహాప్రస్థానానికి 1940లో రాసిన యోగ్యతాపత్రం, పుస్తకం 1950లో వచ్చేదాకా పదేళ్ళు ఎదురుచూసింది. కవిత్వాన్ని మనసారా ప్రేమించిన మనిషి రాస్తే ముందుమాట ఎలా ఉంటుందో అందులో చూడవచ్చు. అంత ప్రేమ కలిగితేనే రాస్తానని నాకు నేను పెట్టుకున్న నియమం. పన్నెండేళ్ళలో నాలుగు రాశాను.

నేను కథలు కూడా రాసేదాన్ని. ఆరు అచ్చయ్యాయి. సమీక్షల్లో పడి ఆ పని ఆగిపోయింది. బాధ లేదని అనను. కొన్ని రాత్రులు ఇంకొకరి నవలలో మంచి పేరా చదివినప్పుడు, నాలో ఏదో కదిలి, కాగితం తీసుకుని రెండు వాక్యాలు రాసి పక్కన పెడతాను. కానీ ఆ బీరువా ముందు నిలబడ్డ రోజు నుంచీ నాకు ఒక పని అప్పగించినట్టే అనిపిస్తుంది. మంచం కింద పుస్తకాలు పేర్చుకుని కూర్చున్న మనిషికి, తను రాసింది ఒకరు పూర్తిగా చదివారని తెలియాలి. మెచ్చుకున్నారా, తప్పు పట్టారా అన్నది తర్వాత.

మూడేళ్ళ కిందట ఏప్రిల్‌లో ఆ రచయిత ఊరికి వెళ్ళాను. వానాకాలంలో రమ్మన్నారు గాని నాకు అప్పుడే కుదిరింది. ఆయనకు ఇప్పుడు చూపు తగ్గింది, మనవరాలు చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. కట్ట మీదికి తీసుకెళ్ళారు. చెరువులో సగం నీళ్ళున్నాయి. మత్తడి రాయి పొడిగా ఉంది. నవలలో తాత పిల్లవాణ్ణి నిలబెట్టిన చోటు ఇదేనా అని అడిగాను. “ఇది గాదు, ఆ చివర. ఇటు పాకుడుంటది, జారుతరు” అన్నారు. నేను ఆ చివరకు వెళ్ళి చూశాను. అక్కడ రాయి నిజంగానే గరుకుగా ఉంది. నవలలో “గరుకు రాయి పాదాలకు తగిలింది” అన్న వాక్యం ఉంది, అరవై మూడో పేజీలో. రెండుసార్లు చదివి కూడా ఆ గరుకుదనం ఎందుకు చెప్పారో నేను ఆలోచించలేదు.

ప్రస్తుతం టేబుల్ మీద శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కొత్త నవల ఉంది. అక్కడా ఒక చెరువు ఉంది. తూమును వాళ్ళ వైపు మదుము అంటారని మొన్న పాలకొండ దగ్గర టీచరు గారొకరు చెప్పారు. “కంబారి” అంటే జీతానికి ఉండే పనివాడని తెలుసు గాని, ఆ మాట ఆ ఇంటి పెద్దకోడలు అంటే ఒకలా, అతని సొంత తల్లి అంటే ఇంకోలా ఎందుకు వినిపిస్తోందో ఇంకా తేలలేదు. చిన్న పుస్తకంలో పద్నాలుగు మాటలు మిగిలాయి. ఆదివారం పేజీకి ఇవ్వలేనని, ఇంకో వారం కావాలని ఇందాకే ఎడిటర్ గారికి ఫోన్ చేసి చెప్పాను.